తారుకూ మట్టికీ ఒకే టైరు

పికప్ బండికి కొత్త టైర్లు వేయించే సమయం వచ్చినప్పుడు ఎక్కువమంది అడిగేది ఒకటే: కొంత దూరం తారు రోడ్డు మీద, కొంత దూరం పొలాల బాటలోనూ క్వారీ దారిలోనూ తిరిగే బండికి ఏ టైరు మేలు? దుకాణంలో జవాబు వెంటనే దొరుకుతుంది. ‘ఆల్ టెరైన్’ వేయించమంటారు. దాన్నే క్లుప్తంగా ఏటీ టైరు అంటారు. పేరును బట్టి చూస్తే అది అన్ని నేలలకూ సరిపోవాలి. అయితే తారు రోడ్డు టైరును కోరేది ఒకటి, తడిసిన నల్లరేగడి కోరేది ఇంకొకటి, ఏటి ఇసుక కోరేది మరొకటి. వీటిలో కొన్ని ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అన్నిటికీ పనికొచ్చే టైరు ఏ ఒక్క నేల మీదా అన్నిటికన్నా ముందుండలేదు. ఏది వదులుకుంటే ఏది దక్కుతుందో తెలిస్తే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

నేలకూ రబ్బరుకూ మధ్య

తారు రోడ్డు మీద టైరుకు పట్టు రెండు విధాలుగా దొరుకుతుంది. రోడ్డులోని కంకర అంచుల చుట్టూ మెత్తని రబ్బరు ఒదిగి, జారబోయినప్పుడు అడ్డుపడుతుంది. అదికాక, రబ్బరు అణువులకూ రోడ్డు ఉపరితలానికీ మధ్య అతి దగ్గరి స్పర్శలో పుట్టే అంటు కూడా కొంత పట్టునిస్తుంది. రెండింటికీ కావలసింది ఒకటే, వీలైనంత ఎక్కువ రబ్బరు రోడ్డును తాకుతూ ఉండటం. రోడ్డు పొడిగా ఉంటే గాళ్లు లేని నున్నటి టైరే ఎక్కువ పట్టునిస్తుంది. పరుగు పందెం కార్లకు వేసేది అలాంటిదే. వాన పడిందంటే మాత్రం ఆ నీళ్లు బయటికి పోవడానికి దారి కావాలి. తారు రోడ్డు టైరు మీది గాళ్లు ముఖ్యంగా అందుకోసమే.

మట్టిలో సంగతి వేరు. మట్టికి రబ్బరు అంటుకోదు. టైరు మీది దిమ్మెలు మట్టిలోకి దిగి, తమ మధ్య ఇరుక్కున్న మట్టిని వెనక్కి నెడితే బండి ముందుకు కదులుతుంది. ఆ మట్టి తెగిపోకుండా ఎంత బలాన్ని ఓర్చుకుంటుందో అంతవరకే పట్టు దొరుకుతుంది. రబ్బరు ఎంత నాణ్యమైనదైనా మట్టికి లేని బలాన్ని తెచ్చిపెట్టలేదు. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు తగిలించే ఇనుప దమ్ము చక్రాలు ఈ సూత్రానికి చివరి హద్దు. వాటిలో రబ్బరే ఉండదు, బురదలోకి దిగే ఇనుప పట్టీలే ఉంటాయి. మడిలో వాటిని మించినవి లేవు. అవే చక్రాలతో ట్రాక్టరు తారు రోడ్డెక్కితే రోడ్డు ఛిద్రమవుతుంది. అందుకే అధికారులు ఏటా నాట్ల కాలంలో వాటిని రోడ్డెక్కించవద్దని హెచ్చరిస్తుంటారు. ఒక చివర పందెం కారు నున్నటి టైరు, మరో చివర దమ్ము చక్రం. పికప్ టైర్లన్నీ ఈ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటాయి.

కర్నూలు, నంద్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడికి ఇంకో స్వభావం ఉంది. అందులోని బంకమట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది పలుచని పొరలుగా ఉండి, పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. తడిసిన రేగడి జారుతుంది, దాంతోపాటు అంటుకుంటుంది కూడా. చక్రం కొద్దిసార్లు తిరిగేసరికి గాళ్లన్నీ మట్టితో పూడిపోయి, మట్టి మీద మట్టే తిరుగుతున్నట్టవుతుంది. అప్పుడు టైరు ఏ రకమైనా ఒకటే. గాళ్లు బాగా వెడల్పుగా ఉంటే మాత్రం చక్రం వేగంగా తిరిగినప్పుడు మట్టి విసిరికొట్టినట్టు ఊడిపోతుంది. ఏటీ టైరు గాళ్లకు అంత వెడల్పు ఉండదు. రేగడి చేలో పెద్ద వాన వెలిసిన మర్నాడు ఏటీ టైర్లను నమ్మి బండిని దించకూడదు. నేల ఆరేవరకు ఆగడమే అక్కడ సరైన పని.

ఇసుక దీనికి నేరుగా ఎదురు. పొడి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. దిమ్మెలు ఎంత పదునుగా ఉంటే అంత త్వరగా ఇసుకను తవ్వి చక్రాన్ని ఇరుసు దాకా పూడుస్తాయి. అక్కడ బండి ఇసుక పైపైన తేలినట్టు పోవాలి. పెన్నలోనో చిత్రావతిలోనో దిగిన బండికి లోతైన గాళ్ల కంటే నేల మీద పరుచుకునే టైరు మేలు. రాయలసీమ గుట్టల్లోనూ గ్రానైట్ క్వారీ దారుల్లోనూ ఇవి రెండూ కావు. అక్కడ పదునైన రాయి దిమ్మెల అంచులను చెక్కేస్తుంది. టైరు పక్క భాగాన్ని, అంటే సైడ్‌వాల్‌ను, కోసేస్తుంది. సర్కారు తుమ్మ ముళ్లదీ అదే పద్ధతి.

మూడు రకాలు

పికప్‌లకూ ఎస్‌యూవీలకూ అమ్మే టైర్లు స్థూలంగా మూడు రకాలు. తారు రోడ్డు కోసం చేసినవి హెచ్‌టీ, బురద కోసం చేసినవి ఎంటీ, నడుమ ఉన్నవి ఏటీ. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్న చాలాకాలం తర్వాతే ఈ విభజన అవసరమైంది. 1946లో మిషెలాన్ పేటెంట్ పొందిన రేడియల్ నిర్మాణం టైరు పనిని రెండుగా విడదీసింది. ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే దారాల పొర పక్క భాగాన్ని మెత్తగా వంగనిస్తుంది. నేలను తాకే భాగం కింద చుట్టిన ఉక్కు తీగల పట్టీలు ఆ భాగాన్ని బిగువుగా ఉంచుతాయి. ఈ నిర్మాణంతో 1976లో బీఎఫ్ గుడ్‌రిచ్ తెచ్చిన ఆల్ టెరైన్ టైరుతో ఏటీ అన్న వర్గం స్థిరపడింది.

హెచ్‌టీ టైరు కొత్తదిగా ఉన్నప్పుడు గాడి లోతు మామూలుగా 8 లేక 9 మిల్లీమీటర్లు. ఏటీలో అది 10 నుంచి 13 దాకా ఉంటుంది. ఏటీ దిమ్మెలు పెద్దవి, వాటి మధ్య ఖాళీ ఎక్కువ. దిమ్మెల మీద సన్నని చీలికలు కోసి ఉంటాయి. తడి తారు మీద నీటి పొరను చీల్చి పట్టు తెచ్చేవి ఈ చీలికలే. ఎంటీ టైర్లలో ఇవి తక్కువ. వాన రోజు హైవే మీద ఎంటీ టైరు ఏటీ కంటే వెనకబడటానికి ప్రధాన కారణం అదే. మంచి ఏటీ టైరులో గాడి అడుగున చిన్న బుడిపెలు కూడా ఉంటాయి. గాడిలో ఇరుక్కున్న కంకర రాయిని అవి బయటికి నెడతాయి. లేకపోతే చక్రం తిరిగిన ప్రతి చుట్టుకూ రాయి ఇంకాస్త లోపలికి దిగి, చివరికి ఉక్కు పట్టీని చేరుతుంది. కంటికి కనపడని ఆ రంధ్రం గుండా తడి చేరి తీగలు తుప్పు పడతాయి.

దిమ్మెలు పెద్దవైతే శబ్దం పెరుగుతుంది. ప్రతి దిమ్మె రోడ్డును కొట్టినప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, గాడిలో నొక్కుకుపోయిన గాలి తప్పించుకుంటూ ఇంకో చప్పుడు చేస్తుంది. దిమ్మెలన్నీ ఒకే కొలతలో ఉంటే ఆ చప్పుళ్లు ఒకే శ్రుతిలో కలిసి సైరన్‌లా మోగుతాయి. అందుకే తయారీదారులు చుట్టూ ఉన్న దిమ్మెలను కావాలనే రెండు మూడు వేర్వేరు పొడవుల్లో, వరుస తప్పించి పేరుస్తారు. శబ్దం తగ్గదు కానీ వేర్వేరు శ్రుతుల్లోకి చెదిరి చెవికి ఓర్చుకునేలా ఉంటుంది. కొత్త ఏటీ టైరును చుట్టూ తిప్పి చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది.

వదులుకోవలసినవి ఇంకా ఉన్నాయి. ఏటీ టైరు అదే సైజు హెచ్‌టీ కంటే బరువు. దాని పొడుగాటి దిమ్మెలు రోడ్డు మీద అటూ ఇటూ వంగుతుంటాయి కాబట్టి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, బండి డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. తడి తారు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం సాధారణంగా హెచ్‌టీ కంటే ఎక్కువ. కూరగాయలో పాల డబ్బాలో వేసుకుని ఊరికీ పట్నానికీ మధ్య తారు మీదే తిరిగే పికప్‌కు, నెలకోసారి మట్టి బాట తగిలినా, హెచ్‌టీయే తగిన టైరు. ఏటీ ధర దానికి దండగ. రోజూ గుంతల కంకర దారిలో, అడవి బాటలో, రాళ్ల చేలలో తిరిగి మళ్లీ హైవే ఎక్కే బండికి ఏటీ తన ధర రాబడుతుంది. ఎంటీ వేయవలసిన పికప్‌లు మన దగ్గర చాలా కొద్ది. ఎక్కువగా అవి చూడటానికి బాగుంటాయని వేయించుకున్నవే.

టైరు పక్కన రాసి ఉన్నది

మన దేశంలో అమ్ముడయ్యే పెద్ద పికప్‌లలో టయోటా హైలక్స్ ఒకటి. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కర్మాగారంలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మరొకటి. హైలక్స్‌కు వచ్చే సైజుల్లో 265/60 ఆర్ 18 ఒకటి. ఇందులో 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క భాగం ఎత్తు వెడల్పులో 60 శాతం, అంటే 159 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 18 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. రిమ్ వ్యాసానికి రెండు వైపులా పక్క ఎత్తు కలిపితే మొత్తం వ్యాసం సుమారు 775 మిల్లీమీటర్లు.

ఈ లెక్క చేతనైతే దుకాణంలో మోసపోయే అవసరం ఉండదు. 17 అంగుళాల రిమ్‌కు వచ్చే 265/65 ఆర్ 17 వ్యాసం 776 మిల్లీమీటర్లు. రిమ్ చిన్నదైనా చక్రం ఎత్తు దాదాపు సమానం. పైగా రిమ్‌కూ రాళ్లకూ మధ్య రబ్బరు ఎక్కువ మందం ఉంటుంది. రాళ్ల దారిలో తిరిగే బండికి చిన్న రిమ్, ఎత్తైన పక్క భాగం మేలనడానికి కారణం ఇది. అదే 18 అంగుళాల రిమ్‌కు 265/65 ఎక్కిస్తే వ్యాసం సుమారు 802 అవుతుంది, అంటే 3.4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరుకు ఈ మార్పు తెలియదు. లోపం లేని మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి 103 దాటి పోతుంటుంది. గేరు నిష్పత్తి మారినట్టవుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగిన తర్వాత బీమా దగ్గర ఆ మాట ముందుకొస్తుంది. తయారీదారు ఇచ్చిన సైజునే ఏటీలో వెతకడం అన్ని విధాలా క్షేమం.

సైజు తర్వాత రాసి ఉండే 110హెచ్ వంటి గుర్తును చాలామంది చూడనే చూడరు. పికప్‌కు సైజు కంటే అదే ముఖ్యం. 110 అంటే ఒక్క టైరు మోయగల గరిష్ఠ బరువు 1,060 కిలోలు. 112 అయితే 1,120. అక్షరం వేగానికి గుర్తు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, క్యూ అంటే 160. వెనక ఇరుసు మీద సరుకుతో కలిపి 1,700 కిలోలు పడితే ఒక్కో టైరు మీద 850. 1,060 మోయగల టైరుకు ఇది సుఖం. అదే బండిలో అనుమతించిన దానికి అర టన్ను ఎక్కువ వేసి, ఆ బరువంతా వెనక ఇరుసు మీదే పడితే ఒక్కో టైరుకు 1,100 అవుతుంది. గుంతలో దిగినప్పుడు పడే దెబ్బ ఈ లెక్కలో లేనే లేదు. కొత్త టైరు బరువు సంఖ్య పాత టైరు సంఖ్య కంటే తగ్గకూడదు. ధర తక్కువని తక్కువ సంఖ్య టైరు వేసుకోవడం ప్రాణాలతో బేరం.

కొన్ని ఏటీ టైర్ల మీద సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటుంది. తేలికపాటి ట్రక్కుల కోసం మందంగా చేసినవని అర్థం. వాటి మీద 6 ప్లై, 8 ప్లై, 10 ప్లై అన్న మాటలూ వినిపిస్తాయి. పూర్వం పత్తి దారం పొరలను లెక్కపెట్టిన కాలపు మాట అది. ఇప్పుడు బలాన్ని మాత్రమే సూచిస్తుంది, లోపల అన్ని పొరలు ఉండవు. ఎల్‌టీ టైరు ముళ్లకూ రాళ్లకూ బాగా తట్టుకుంటుంది. కానీ తన పూర్తి బరువు మోయాలంటే దానికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి. పాత టైరులో కొట్టించినంత గాలితోనే సరిపెడితే మోసే శక్తి తగ్గిపోవచ్చు. ఎల్‌టీకి మారేవారు టైరు కంపెనీ ఇచ్చే బరువు, గాలి పట్టికను అడిగి తీసుకోవాలి. ఖాళీగా తిరిగే రోజులే ఎక్కువైన బండికి ఎల్‌టీ టైరు గట్టిగా, ఎగిరెగిరి పడుతూ అలసట తెప్పిస్తుంది.

మూడు శిఖరాల మధ్య మంచు రేకు ఉన్న గుర్తు మంచు పరీక్షలో నెగ్గిన టైరుకు వేస్తారు. లద్దాఖ్‌కో హిమాచల్‌కో శీతకాలంలో వెళ్లేవారికి తప్ప తెలుగు నేలలో దానితో పని లేదు. పట్టించుకోవలసిన గుర్తులు రెండు. ఒకటి ఐఎస్‌ఐ ముద్ర. రెండోది డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెలు. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్‌కూ, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో అపోలోకూ కర్మాగారాలు ఉన్నాయి. టైరు అంత దగ్గర తయారైనా గిడ్డంగిలో రెండు మూడేళ్లు మగ్గి ఉండవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఆ అంకెలు చూడాలి. నాలుగు టైర్ల మీదా అవి దగ్గర దగ్గరగా ఉండాలి.

బండిని మోసేది గాలి

టైరు గురించి తెలుసుకోవలసిన అన్నింటిలో గాలిదే పెద్ద భాగం. బండిని మోసేది చాలావరకు రబ్బరు కాదు, లోపల బిగించిన గాలి. ఈ మాటను ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 2,000 కిలోల పికప్ ఖాళీగా నిలబడితే ఒక్కో చక్రం మీద ఇంచుమించు 500 కిలోలు. టైరులో 35 పీఎస్‌ఐ గాలి ఉంటే అది ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 2.46 కిలోల బలంతో తోస్తుంది. 500 కిలోలను మోయడానికి సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలను తాకాలి. ఏ4 కాగితంలో అది మూడో వంతు. అంత పెద్ద బండి రోడ్డును పట్టుకుని ఉండేది నాలుగు చోట్ల, ఒక్కోచోట అంత మేర మాత్రమే. గాలిని 20 పీఎస్‌ఐకి దించితే తాకే మేర దాదాపు 355 చదరపు సెంటీమీటర్లవుతుంది. పక్క భాగం బిగువు వల్ల అసలు కొలత కొంచెం మారుతుంది, లెక్క మాత్రం ఇదే దారిలో నడుస్తుంది.

ఇసుకలో గాలి తగ్గించడం ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. పెరిగిన మేరలో ఎక్కువ భాగం పొడవుగా పెరుగుతుంది, వెడల్పుగా కాదు. టైరు నేల మీద బారుగా పరుచుకుని ఇసుకను తవ్వకుండా తొక్కుతూ పోతుంది. సూర్యలంక తీరంలోనో ఏటి ఇసుకలోనో ఇరుక్కున్న బండికి మొదట చేయవలసింది యాక్సిలరేటర్ తొక్కడం కాదు, నాలుగు టైర్లలోనూ గాలిని 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించడం. హెచ్‌టీ టైరును 20కి దించితే 35 మీద ఉన్న ఖరీదైన ఏటీని ఇసుకలో సులువుగా దాటిపోతుంది. 15 కంటే కిందికి దించితే మలుపులో టైరు అంచు రిమ్ నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. తక్కువ గాలితో ఉన్నంతసేపూ నెమ్మదిగా నడపాలి, ఒక్కసారిగా తిప్పకూడదు. తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి. కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ బండిలో లేనివారు గాలి తీయకపోవడమే మంచిది. ముళ్ల చోట, పదునైన రాళ్ల మధ్య ఎక్కువగా తగ్గించకూడదు. గాలి తగ్గితే పక్క భాగం బయటికి ఉబ్బి, టైరులో అన్నిటికన్నా పలుచని చోటే రాయికి ఎదురవుతుంది.

తారు మీద తక్కువ గాలి చేసే నష్టం నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా బయటపడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ పక్క భాగం ఒకసారి వంగి మళ్లీ నిటారవుతుంది. రబ్బరు వంగినప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మారుతుంది. గాలి తక్కువైతే వంపు ఎక్కువ, వేడి ఎక్కువ. మే నెల మధ్యాహ్నం, నిండు సరుకు, హైవే వేగం, వీటికి 8 పీఎస్‌ఐ లోటు తోడైతే లోపలి పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. ఎండకు టైరు పేలిందని అనుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం ఎండ కాదు, లోపల లేని గాలి. ఈ కారణంగానే, నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువైందని తీయించడం పెద్ద పొరపాటు. 30 డిగ్రీల వద్ద 35 పీఎస్‌ఐ ఉన్న టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు 40కి చేరుతుంది. ఇది సహజం, టైరు దీనికి తయారయ్యే ఉంటుంది. అప్పుడు 5 పీఎస్‌ఐ తీసేస్తే చల్లారాక టైరు లోటులో పడుతుంది.

తిరుగు లెక్క కూడా గుర్తుంచుకోదగినది. ఎండాకాలంలో 40 డిగ్రీల వద్ద 35 నింపిన టైరు, ఎక్కడా కారకపోయినా, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో 30 చూపిస్తుంది. దీనికితోడు రబ్బరు గుండా గాలి నెలకు ఇంచుమించు 1 పీఎస్‌ఐ చొప్పున తనంత తానుగా జారిపోతుంది. కనీసం నెలకోసారి, బండి మూడు గంటలైనా నిలిచిన తర్వాత, సొంత గేజితో చూసుకోవడం తప్పనిసరి. బంకులోని గేజి చూపే అంకె ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నత్రజని నింపించే విషయంలో పెద్దగా ఆలోచించనక్కరలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నత్రజని ఉంది. నత్రజని నింపించుకుని ఆరు నెలలు చూడని టైరు కంటే నెలనెలా చూసుకునే మామూలు గాలి టైరు భద్రం.

ఎంత నింపాలన్న దానికి జవాబు డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీది చీటీలో ఉంటుంది. పికప్‌లలో చాలావాటికి ఖాళీ బండికీ నిండు బండికీ వేర్వేరు అంకెలు ఇస్తారు, తేడా ముఖ్యంగా వెనక టైర్లకు. సరుకు దించిన తర్వాత కూడా నిండు బండి గాలితోనే తిరిగితే వెనక టైరు మధ్య భాగం మాత్రమే రోడ్డును తాకుతుంది. అసలే ఖాళీ పికప్ వెనక భాగం తేలిక, వాన రోడ్డు మీద మలుపులో అది పక్కకు జారడానికి ఇదొక కారణం. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీఎస్‌ఐ నింపవలసిన అంకె కాదు, దాటకూడని హద్దు.

అరుగుదల చెప్పే సంగతులు

టైరు అరిగిన తీరు చూసి బండి ఎలా ఉందో చెప్పవచ్చు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. ఏటీ టైర్లకు ఇంకో జబ్బు ఎక్కువగా వస్తుంది. పొడుగాటి దిమ్మె రోడ్డును తాకేటప్పుడు ఒకవైపుకూ విడిచేటప్పుడు ఇంకోవైపుకూ వంగి, ఒక అంచు త్వరగా అరుగుతుంది. కొంతకాలానికి దిమ్మెల వరుస రంపపు పళ్లలా తయారవుతుంది. టైరు మీద అరచేత్తో ఒక దిశలో నిమిరితే నున్నగా, ఎదురు దిశలో గరుకుగా తగులుతుంది. దాని గుర్రుమనే శబ్దాన్ని బేరింగ్ పోయిందని అనుకుని బేరింగులు మార్పించేవారున్నారు. ముందు చేత్తో నిమిరి చూడటానికి ఖర్చేమీ లేదు.

దీనికి మందు టైర్ల స్థానాలు మార్చడం. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి వెనక టైర్లను నేరుగా ముందుకు, ముందు టైర్లను అడ్డంగా మార్చి వెనక్కి వేయాలి. తిరిగే దిశ బాణం గుర్తుతో ఉన్న టైర్లు మాత్రం ఏ పక్కవి ఆ పక్కనే ఉండాలి. స్టెప్నీ కూడా అదే రకం, అదే సైజు అయితే దాన్నీ వంతులో కలపవచ్చు. స్థానాలు మారాక ముందు వెనకల గాలి సరిచేయించడం, ఓ 100 కిలోమీటర్లు నడిచాక నట్ల బిగువు మళ్లీ చూడటం మరిచిపోకూడదు.

నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పికప్‌లకు ఈ పని మరీ ముఖ్యం. హైలక్స్, వీ-క్రాస్ వంటి బండ్లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనక ఇరుసులు బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి అయితే రెండింటి చుట్టుకొలతా వేరు. ఒక ఇరుసు ఎక్కువ దూరం పోవాలనుకుంటుంది, ఇంకొకటి పోనివ్వదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఈ తగువు తీరుతుంది. పొడి తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అలాంటి బండ్లలో పొడి తారు మీద ఫోర్ వీల్ వేయకూడదనడానికి మూలం కూడా ఇదే, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరాలు ఎలాగూ వేరు.

గాయాలు, వయసు

ట్రెడ్ అంటే నేలను తాకే రబ్బరు పట్టీ. దాని నడుమ దిగిన మేకుకు, రంధ్రం 6 మిల్లీమీటర్లు మించకపోతే, నమ్మకమైన మరమ్మతు ఉంది. టైరు విప్పి, లోపలి నుంచి కాడ, ప్యాచ్ కలిసిన పుట్టగొడుగు ఆకారపు రబ్బరుతో మూస్తారు. రోడ్డు పక్కన బయటి నుంచి దూర్చే తాడు ఇల్లు చేరడానికి మంచిదే, కానీ టైరును విప్పితే తప్ప లోపలి గాయం కనిపించదు. సైడ్‌వాల్ తెగితే మరమ్మతు లేదు. ప్రతి చుట్టుకూ వంగే ఆ చోట ఏ అతుకూ నిలవదు. గుంతలో పడ్డాక పక్కన గుడ్డులా ఉబ్బు కనిపిస్తే లోపల దారాలు తెగిపోయినట్టు. ఆ టైరును సరుకు బండికి ఒక్క రోజు కూడా వాడకూడదు.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని గట్టిపరచి పగుళ్లు తెప్పిస్తాయి. తయారీలో కలిపిన రక్షక పదార్థాలూ మైనమూ టైరు వంగుతున్నప్పుడు కొద్దికొద్దిగా పైకి ఊరి పొరలా కాపాడతాయి. కొత్త టైరు పక్కన కనిపించే గోధుమ రంగు మురికి కాదు, ఆ పదార్థమే. పెట్రోలియంతో చేసిన నల్ల పాలిష్ రుద్దితే అది కరిగిపోతుంది. కదలకుండా ఎండలో నిలిపిన బండి టైర్లు తిరిగే బండి టైర్ల కంటే ముందుగా పగలడానికి ఆ పదార్థం పైకి ఊరకపోవడమే కారణం. టైర్లకు నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలి, గాడి ఎంత మిగిలి ఉన్నా పదేళ్లు దాటనివ్వకూడదు. బండి కింద వేలాడుతూ ఎప్పుడూ వాడని స్టెప్నీకీ ఇదే లెక్క.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కార్లకూ ఇలాంటి బండ్లకూ కనీస గాడి లోతుగా 1.6 మిల్లీమీటర్లను నిర్ణయించాయి. గాళ్ల అడుగున అక్కడక్కడా ఉండే అడ్డ గుర్తులు ఆ ఎత్తుకే పోసినవి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు చట్టప్రకారం చెల్లదు. ఏటీ టైరు ఏటీగా పనికిరాకుండా పోయేది మాత్రం అంతకు చాలా ముందే. 12 మిల్లీమీటర్లతో మొదలైన టైరు 4 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మట్టిలో దిగడానికి దిమ్మె మిగలదు, వాన నీటిని తోసే గాడీ చాలదు. ఆ లోతు దగ్గర దాన్ని పొడి తారుకే పరిమితం చేయాలి. తొలకరికి ముందు గేజితో గాళ్లు కొలిచి, 4 కంటే తక్కువ తేలిన టైర్లను వానలు మొదలవకముందే మార్పించాలి.